మా అమ్మాయిని ఒప్పుకోని పెద్దిరాజు

మా నాగమణి అందరితో కలిసి పరిగెత్తుతుందండీ! ఒప్పుకున్నారండీ!

రెండు కాళ్ళున్న పిల్లలతో ఒకే గీత మీద, ఒకే ఈలకి. వేరే గ్రూపు లేదు, వేరే ప్రైజు లేదు. జిల్లా ఓపెన్ పరుగు వాళ్ళు నిన్న పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు.

నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. చొక్కా తిరగేసి వేసుకున్నానని కూడా చూసుకోలేదు. కాజాలు కట్టించుకుని తిన్నగా మా పెద్దిరాజు ఇంటికి పోయాను. వాణ్ణి ఏడిపించాలని.

ఎందుకంటే మా అమ్మాయి అందరితో పరిగెత్తకూడదని మా మండపేట మొత్తం మీద గట్టిగా వాదించింది వాడొక్కడే.

గేటు ముందు చెప్పులు చాలా ఉన్నాయి.

వాడు లేడు.

పాకలో గేదె దగ్గర పాలు పితుకుతూ అలాగే పక్కకి ఒరిగిపోయాడట. హార్ట్ ఎటాక్.

కాజాల పొట్లం ఆ గేటు దగ్గరే పెట్టి లోపలికి వెళ్ళాను. ఇంకా నమ్మకం కుదరడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

తెలియనివాళ్ళకి చెబుతాను. నాగమణి మాకు లేటుగా పుట్టిన బంగారుతల్లి. చిన్నప్పుడు ట్రాక్టర్ కింద పడి మోకాలి కింద కుడికాలు పోయింది. ఇప్పుడు వంపు తిరిగిన బ్లేడు కాలుతో పరిగెత్తుతుంది. చూస్తే మీకూ కళ్ళు చెమరుస్తాయి, ఒట్టు!

పెద్దిరాజూ నేనూ చిన్ననాటి స్నేహితులం. నేను రైస్ మిల్లులో చేసి రిటైరయ్యాను, వాడు వ్యవసాయం. ఎడ్ల పందాలంటే ప్రాణం. వాడి మనవరాలు దుర్గ, మా నాగమణి కలిసే కాలువ గట్టు మీద ప్రాక్టీసు చేస్తారు.

ఒకసారి ఆ గట్టు మీదే కుర్రాళ్ళు పరుగు పందెం పెట్టారు. పాపం కాలు లేని పిల్ల కదా అని నాగమణిని అందరికంటే కొంచెం ముందు నిలబెట్టారు. నాకూ బాగానే ఉంది.

పెద్దిరాజు పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చాడు.

"ముందుకేంటండీ? వెనక్కి తీసుకెళ్ళండి ఆ పిల్లని! అది కాలు కాదండి బాబూ, స్ప్రింగు!"

జనం తిట్టిపోశారు. "మీకు జాలి లేదేంటండీ?" అన్నారు.

మా నాగమణి మాత్రం పగలబడి నవ్వింది. "నన్ను చూసి భయపడింది మీరొక్కరే పెదనాన్నా" అంటూ తనే వెనక్కి వచ్చి, గీత మీద దుర్గ పక్కన నిలబడింది.

దుర్గ ఫస్టు. మా పిల్ల రెండోది. ఆ రోజు ఇంట్లో అది పాడిన పాటలు ఇన్నీ అన్నీ కావు.

మా వాదన అక్కడితో ఆగిందా? రోజూ టీ కొట్టు దగ్గర అదే.

"ఒరేయ్, ఎడ్ల పందాల్లో పళ్ళు చూసి, వయసు లెక్కగట్టి విభాగాలు కడతాం. పాలపళ్ళ గిత్తల్ని ఆరుపళ్ళ వాటితో దింపుతామేంట్రా? ఇదీ అంతే" అనేవాడు.

"గిత్తకైతే పళ్ళు చూస్తావు, మనిషికేం చూస్తావురా? మీ దుర్గకి పొద్దున్నే చెంబుడు గేదె పాలు, అది స్ప్రింగు కాదా? ఈల వేసిన వెంటనే మా పిల్ల బ్లేడు అందుకోక వెనకబడుతుంది, ఆ లెక్క ఎవడేస్తాడు?" అనేవాణ్ణి.

టీ చల్లారిపోయేది. ఇద్దరం ఒప్పుకునేవాళ్ళం కాదు.

ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక నాగమణి బ్లేడు విప్పింది. మోకాలి కింద మిగిలిన మోడు ఒరుసుకుపోయి రక్తం. పెద్దిరాజు చూశాడు. గిరుక్కున తిరిగి ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మెత్త ఒకటి పట్టుకొచ్చాడు. కాడి కింద ఎద్దు మెడ కందకుండా వేస్తారే, అలాంటిది. పాత పంచె మడతలు పెట్టి, దూది కూరి, రాత్రంతా తనే కుట్టాడు. బ్లేడుకి పైన కాలు దూర్చే గిన్నెలో అది పెడితే మా పిల్ల కాలు దూరితే ఒట్టు! దుర్గ నవ్వలేక గట్టు మీద పడి దొర్లింది. వాడి ముఖం చూడాలి.

"సరేలే, నొప్పి నిజమే. కానీ స్ప్రింగు స్ప్రింగే" అన్నాడు.

అదండీ మా పెద్దిరాజు. మా పిల్లని చూసి అందరూ అయ్యో అన్నారు. వాడొక్కడే, ఇది మా దుర్గని ఓడించేస్తుందిరా బాబూ అని హడలిపోయాడు. అంతకంటే గౌరవం ఎవరిస్తారండీ నా బిడ్డకి?

నిన్న దుర్గ ఏడుస్తూ చెప్పింది. పొద్దున్నే వార్త దానికీ తెలిసి తాతయ్యకి చెప్పిందట. కాసేపు గొణుక్కుని, "ఇంక రేపటి నుంచి గట్టిగా పరిగెత్తవే. ఆ పిల్లని తక్కువ అంచనా వేశావంటే అయిపోతావు" అని చెంబు తీసుకుని పాకలోకి వెళ్ళాడట.

అదే వాడి ఆఖరి మాట.

పరుగు సరిగ్గా పెద్దకార్యం వారంలోనే, మైల తీరకముందే పడింది. అదే పరుగుకి పేరిచ్చిన దుర్గని ఇంట్లోవాళ్ళు ఆపేస్తారని వింటున్నాను. మా నాగమణి నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. "దుర్గ లేకుండా గెలిస్తే పెదనాన్న ఒప్పుకుంటాడా నాన్నా?" అంటోంది.

ఒప్పుకోడు. నాకు తెలుసు.

వెళ్ళిరారా పెద్దిరాజూ. నీ ఆత్మ చల్లగా ఉండాలి. అక్కడ ఎవరితో పోట్లాడతావో ఏమో.

ఇది చదివినవాళ్ళు ఈ మాట చేరవేయండి. దుర్గ పరిగెత్తాలి, ఆపొద్దని చెప్పండి.

జంగారెడ్డిగూడెంలో వాడి చెల్లెలు సత్యవతికి. ధవళేశ్వరంలో బావమరిదికి, ఆయన మైల పట్టింపు మనిషి, నెమ్మదిగా చెప్పండి. కాకినాడలో దుర్గ మేనమామకి. మా పెద్దల్లుడికి కూడా, ఆయన మాట పెద్దిరాజు ఇంట్లో వింటారు.

వాడి భార్య అచ్చియ్యమ్మ వదినకి మాత్రం మీరెవరూ చెప్పకండి. నాగమణీ నేనూ వెళ్ళి చెబుతాం.