చల్లటి బోర్డుకు నూట నలభై డిగ్రీలు

గాజువాకలో అర్జునరావు కాలిపోయిన మోటారు చెవిలో ఏదో ఊదితే చాలు, అది లేచి తిరిగేది. సరే, ఊదేవాడు కాదు. పాత తీగ పీకేసి కొత్త రాగి తీగ చుట్టేవాడు, దానికి మూడు రోజులు పట్టేది. అయినా తిరిగేది, అంతవరకు నిజం.

ముప్పై ఏళ్ళుగా జాన్‌బాబు షెడ్డులో అదే పని. ఏ మోటారుకైనా బొట్టు పెట్టకుండా స్విచ్చి వేసి ఎరగడు. జాన్‌బాబు ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడే మనిషే అయినా, ఆ బొట్టు జోలికి ఎన్నడూ పోలేదు. రెండు వేల ఏడులో మాత్రం వద్దన్నాడు.

రుషికొండలో కొత్త ఆఫీసు గేటుకు మోటారు బిగించే పని ఒకటి తగిలేలా ఉంది. ఆ మోటారును నడిపేది అరచేతంత పచ్చ బోర్డు. కంప్యూటర్లో అంకెలు నింపి పంపితే, మోటారు ఎంత వేగంగా లేవాలో, ఎంత మెల్లగా ఆగాలో అది చూసుకుంటుంది. ఆఫీసువాళ్ళు పరీక్షకని మోటారుతోపాటు ఒకే ఒక్క బోర్డు పంపారు. సాయంత్రం నాలుగింటికి వాళ్ళ మనిషి వస్తాడు.

“ఇది మనది కాదు బావా. ఎలాగొచ్చిందో అలాగే ఎల్లాలి. బొట్టూ గిట్టూ ఎట్టకు,” అన్నాడు జాన్‌బాబు. కాస్త ఆగి, “నీవల్ల అవకపోతే సెప్పీ. కంప్యూటరొచ్చినోణ్ణి ఎవుణ్ణైనా ఎట్టుకోవాలి మరి.”

షెడ్డులో ఉన్నది ఒక్కటే స్టూలు. ఇంకొకడు వస్తే కూర్చునేది దానిమీదే. జాన్‌బాబు మధ్యాహ్నం టిఫినుకు వెళ్ళగానే, అర్జునరావు బోర్డు మూల కనీకనబడకుండా తడి పసుపు చుక్క, దానిమీద కుంకుమ పెట్టేశాడు. భయంలో నీళ్ళు ఎక్కువయ్యాయి.

మోటారు రేకు మీది అంకెలు చూసి గళ్ళు ఒక్కొక్కటే నింపాడు. వోల్టులు, ఆంపియర్లు, వేగం అన్నీ తెలిసిన చుట్టాలే. స్టార్టు నొక్కాడు. మోటారు కదల్లేదు. తెర మీద ఎర్ర గడి వెలిగింది: బోర్డు వేడి నూట నలభై డిగ్రీలు.

వేలి వెనకవైపుతో బోర్డును తాకి చూశాడు. కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. ఆపి, మళ్ళీ వేశాడు. నూట నలభై. గళ్ళన్నీ చెరిపి మొదట్నుంచి నింపాడు. నూట నలభయ్యే. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుంది. గోడ గడియారం మూడు దాటింది.

“ఏటి బావా, ఇంకా తిరగనేదా?” అంటూ తిరిగొచ్చాడు జాన్‌బాబు.

“సూత్తన్నాను.”

జాన్‌బాబు తెర మీదికి వంగాడు. “వేడి సూసే గడికి టిక్కుంది గదా. అది తీసీ, తిరిగేత్తాది.”

అర్జునరావు చెయ్యి మౌసు మీదికి పోయింది. ఒక్క నొక్కుతో స్టూలు దక్కుతుంది. కాని ఫ్యూజు పోకుండా లావు తీగ కట్టి కాల్చుకున్నవాళ్ళ మోటార్లే కదా ఇన్నేళ్ళూ తనకు అన్నం పెట్టాయి. ఉన్నది ఒక్క బోర్డు.

“తియ్యను. కాలిపోతే ఇంకోటి నేదు.”

“అయితే నాలుగింటికొచ్చే ఆ బాబుకి నువ్వే సెప్పుకో,” అని జాన్‌బాబు రోడ్డు మీదికి పోయాడు.

అర్జునరావు భూతద్దం తీసి బోర్డు అంగుళం అంగుళం చూశాడు. మూలన పెట్టిన చుక్క మూలన లేదు. జారి, వేడి కనిపెట్టే ఆవగింజంత ముక్క మీద పసుపూ ఎరుపూ కలిసి తడిగా కూర్చుని ఉంది. ఆ తడిలోంచి కరెంటు దొడ్డిదారిన పోతుంటే, చల్లటి బోర్డు మండిపోతున్నట్టు ఆ ముక్క చాడీలు చెబుతోంది.

బయట ఆటో ఆగిన చప్పుడు. స్పిరిట్‌లో ముంచిన గుడ్డ కొసతో తుడిచాడు, అట్టముక్కతో విసిరాడు, మళ్ళీ తుడిచాడు. స్విచ్చి వేశాడు. ముప్పై ఒకటి. మోటారు పెళ్ళికూతురిలా మెల్లగా కదిలింది.

వచ్చినాయన తల ఊపి వెళ్ళాక, జాన్‌బాబు పక్కన చేరాడు. “ఏటి సేసేవు బావా?”

“ఏటీ సెయ్యనేదు,” అంటూ అర్జునరావు పసుపు కుంకుమ అంటిన గుడ్డను జేబులో కుక్కుకున్నాడు.

ఇదంతా ఇప్పుడు అర్జునరావు ముందు చెబితే, స్టూలు మీదినుంచి లేవకుండానే అంటాడు: “అన్నీ అబద్ధాలు. నాను బొట్టెట్టనేదు. ఆ రోజు అసలు పనికే రానేదు.”