రెండో తాడు

నూరు రోజులు, రోజుకో మూడు గడుల కామిక్ గీస్తానని వాట్సాప్ గ్రూపులో ప్రకటించిన రోజు నాకు జ్వరం లేదు. ఉండి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక సాకు ఉండేది.

ఇంజనీరింగ్ చదివేటప్పుడు రికార్డు పుస్తకాల వెనక అట్టలమీద లెక్చరర్ల బొమ్మలు గీసేవాణ్ణి. ఒక్క బొమ్మలోనూ ఒక్కరి పోలికా రాలేదు. నాలుగేళ్ళలో డిగ్రీ చేతికి రావడానికి అదే కారణమని నా నమ్మకం. ముప్పై దాటాక, ఖతర్‌లో, ముఐథర్‌లోని ఓ గదిలో మంచం మీద పడుకుని ఉండగా, పోలిక రాకపోవడం ఒక లోపమని తోచింది. రోజూ గీస్తే చెయ్యి తిరుగుతుందన్నారు. నలుగురికీ చెప్పి మొదలుపెడితే మధ్యలో మానలేమని కూడా అన్నారు. ఇక్కడి తెలుగువాళ్ళ గ్రూపులో రెండొందలమందికి పైగా ఉన్నారు. చెప్పేశాను.

నా ఉద్యోగం వెస్ట్ బేలో ఒక టవరు బేస్‌మెంటులో. ఆ భవనంలో ఎవరు ఎత్తుమీద పనిచెయ్యాలన్నా పొద్దున్నే నా దగ్గర పర్మిట్ కాగితం తీసుకోవాలి. హెల్మెట్ ఉందా, బెల్టు ఉందా, రెండు తాళ్ళూ ఉన్నాయా అని అడిగి, టిక్కులు పెట్టి, సంతకం చేస్తాను. టవరుకు ముప్పై ఎనిమిది అంతస్తులు. రెండేళ్ళలో నేను ఎక్కిన ఎత్తల్లా నా కుర్చీయే.

ఆ కుర్చీని రోజూ మధ్యాహ్నం ఒకాయన కిందికి దించేవాడు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. పని, టవరు పైనుంచి తాళ్ళమీద దిగుతూ అద్దాలు కడగడం. భోజనం వేళ నా గదిలోకొచ్చి, హెల్మెట్ బల్లకింద దాచి, కుర్చీ పక్కనున్న మీట నొక్కి తన ఎత్తుకు దించుకుని, వెనక ఏసీ కనబడేలా ఫోను పెట్టుకుని భార్యకు వీడియో కాల్ చేసేవాడు.

"ఆఁ, స్టోర్లనే ఉన్న. ఏసీల కూసున్న. సలి వెడ్తున్నది జర."

కాల్ అయిపోగానే హెల్మెట్ తీసుకుని పైకి పోయేవాడు. నేను కుర్చీ మళ్ళీ పైకి లేపుకునేవాణ్ణి.

"అన్నా, పోయేటప్పుడైనా కుర్చీ సరిచెయ్యొచ్చు కదా" అనేవాణ్ణి.

"నా తాన రెండు తాళ్ళున్నయి, వాటిని సరిజేసుకుంటె సాలు. నీకున్నది ఒక్క కుర్చీ, జేసుకోరాదు?" అనేవాడు.

స్టోరు అబద్ధానికి కారణం ఉంది. ఆయన మామ, అంటే భార్య తండ్రి, కల్లుగీసేవాడు. ఒక పొద్దున తాటిచెట్టు మీద మోకు తెగి పడిపోయాడు. మోకంటే గీసేవాళ్ళు చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకునే తాడు. అప్పటికి అన్న భార్యకు పదేళ్ళు. అన్నదీ గీత పనే. పెళ్ళయ్యాక ఆమె అడిగిన మాట ఒక్కటే, చెట్టు ఎక్కొద్దని. ఆయన ఎక్కడం మానేశాడు. మానేసి ఈ దేశం వచ్చాడు.

"ఇదేంటన్నా మరి?" అన్నాను, పైకి చూపించి.

"లిఫ్టుల పోతా, తాడుమీద దిగుతా. ఇందుల ఎక్కుడు ఏడున్నది తమ్మీ?"

ఇద్దరం నవ్వాం.

మొదటి ముప్పై రోజుల బొమ్మల గురించి నేను చెప్పడం కంటే గ్రూపు చెప్పిందే నయం. "ఇది ఒంటెనా, మీ మేనేజరా?" అని ఒకరు అడిగారు. మేనేజరే. అల్ వక్రా వెళ్ళే మెట్రో, గదిలో పప్పు, పప్పులో ఉప్పు, విషయాలన్నీ అయిపోతున్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా చేతులు రావడంలేదు. నేను గీసిన చేతులు అరటిపళ్ళ అత్తాల్లా ఉండేవి. అందుకని ఒక వారం పాటు చేతులే సాధన చేశాను. మధ్యాహ్నాలు అన్న టీ కప్పు పట్టుకుని నా ఎదురుగా కూర్చునేవాడు. ఆయన ఎడమచేతి చిటికెన వేలు ముడవదు. కుర్రతనంలో చెట్టెక్కేటప్పుడు కత్తి తగిలిందట. కప్పు పట్టుకుంటే ఆ వేలొక్కటీ పక్కకి నిలబడి ఉండేది. ఆ వేలు వచ్చేదాకా పదిహేను కాగితాలు చించాను. వచ్చినరోజు ఆయనకే చూపించాను.

"ఓయబ్బో, అచ్చం గదే" అన్నాడు. ఇద్దరం సంతోషించాం.

నలభై ఒకటో రోజు సాయంత్రం గ్రూపులో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. అరగంటలో ఒకటి గీశాను. మొదటి గడిలో ఒకాయన కుర్చీలో కూర్చుని ఫోనులో "ఏసీల కూసున్న" అంటున్నాడు. రెండో గడిలో బల్లకింద నుంచి హెల్మెట్ తీస్తున్నాడు. మూడో గడిలో అదే మనిషి టవరు అద్దానికి బయట వేలాడుతూ తుడుస్తున్నాడు, అద్దం లోపల ఏసీ నడుస్తోంది. ఎడమచేతి చిటికెన వేలు పక్కకి నిలబడి ఉంది.

పేరు పెట్టలేదు, ముఖం సగం హెల్మెట్ కిందే ఉంది, కాబట్టి ఆయన్ని అడగక్కర్లేదనుకున్నాను. అంటే అడగాలన్న సంగతి తోచిందన్నమాట.

ఇంకో సంగతి. రెండు తాళ్ళూ గీశాను. రెండోది సరిగ్గా ముఖం మీదుగా పోతోంది. బొమ్మ పాడవుతోందని చెరిపేశాను. ఆ పొద్దున్నే ఆయన కాగితంమీద "రెండు తాళ్ళు" అన్న చోట టిక్కు పెట్టిన చేతితోనే.

ఆ రోజు మొదటిసారి గ్రూపులో ఎవరూ "ఇదేంటి" అని అడగలేదు. నవ్వే ముఖాలు, ఏడ్చే ముఖాలు, దండాలు. ఎవరెవరో స్టేటస్‌లు పెట్టుకున్నారు. "మన దుబాయ్ బతుకులు" అని పైన రాసి ఎవరో పంపిన కాపీ తిరిగి నాకే వచ్చింది. ఇది దుబాయ్ కాదని సరిదిద్దబోయి, పోనీలే, పేరొస్తోందని ఊరుకున్నాను.

బొమ్మ పెట్టిన నాలుగో రోజు మధ్యాహ్నం అన్న రాలేదు. ఐదో రోజూ రాలేదు, పొద్దున కాగితం తీసుకుపోవడమే. కుర్చీ నా ఎత్తులోనే ఉంది. ఆరో రోజు పొద్దున పర్మిట్‌కి వచ్చి బల్లముందు నిలబడ్డాడు.

"మంచిగ గీసినవ్ తమ్మీ."

నేను కాగితం మీద తేదీ రాయడం మొదలుపెట్టాను.

"మావూరి గ్రూపులకు పోయింది. మొకం జూసి ఎవ్వలు గుర్తువట్టలే. మా ఇంటామె ఏలు జూసింది."

"అన్నా..."

"మూడొద్దులాయె, ఫోన్ ఎత్తుతలేదు. ఒక్కటే వాయిస్ వెట్టింది. ఇను."

వినిపించాడు. ఏడుపు లేదు, తిట్టు లేదు. "మా నాయినకు గూడ ఒక్కటే మోకు" అంది, అంతే.

నాకు జోకులు తోచని సందర్భాలు తక్కువ. అది ఒకటి. ఆ బొమ్మ కల్పితమని, ఎవరిదీ కాదని గ్రూపులో రాస్తానన్నాను.

"మల్ల అబద్ధమా? ఒక్కటి జెప్పిన్నేను, ఐదేండ్లు మోసిన. సాలు." కాగితం మీద వేలు పెట్టాడు, ఆ వేలే. "ఇక్కడ రెండని రాస్తవ్. ఆడ ఒక్కటే ఎందుకు గీసినవ్?"

"ముఖానికి అడ్డమొచ్చిందన్నా."

"గా తాడే నా పాణానికి అడ్డమున్నది తమ్మీ."

తిట్టినట్టు అనలేదు. పర్మిట్‌కి ఇంకో కాగితం కావాలన్నట్టు అన్నాడు. "రెండోది గియ్యి. పంపుత."

అప్పటికప్పుడు రెండో తాడుతో గీసి ఇచ్చాను. మర్నాడు ఆమె దగ్గరనుంచి ఇంకో వాయిస్ వచ్చింది. "రెండో మోకు దేనికి గట్టిండ్రో ఆ గీసినాయన్ని అడుగు."

గీసినాయనకు తెలియదు. రెండేళ్ళుగా సంతకాలు పెడుతున్నాడు కానీ తెలియదు. నా బొమ్మలో ఆ తాడు కాగితం అంచుదాకా పోయి ఆగిపోయింది.

ఆయన వెంట లిఫ్టులో పైకి వెళ్ళాను. గాలికి కాగితాలు నిలవడంలేదు. మోకాళ్ళమీద కూర్చుని గీశాను. వినయం వల్ల కాదు, నిలబడలేక. పని తాడు ఒక ఇనుప కొక్కేనికి, రెండోది ఆరడుగుల అవతల వేరే కొక్కేనికి. ఒకటి తెగినా రెండోది పట్టుకుంటుంది. ముడులు, బోల్టులు, బోల్టుల తుప్పు, అన్నీ గీశాను. నా నూరు రోజుల్లో అది యాభయ్యో రోజు. గ్రూపులో పెట్టలేదు, అన్నకిస్తే ఇంటికి పంపాడు. "ఏం మాస్టారూ, సగంలోనే చేతులెత్తేశారా?" అని ఒకరు రాశారు. ఒప్పుకున్నాను.

ఆ రాత్రి ఆమె ఫోను ఎత్తింది. పొద్దున కాగితం తీసుకుంటూ చెప్పాడు. "రెండు మోకులున్నయో లేవో రోజు ఎవలు సూస్తరని అడిగింది."

"ఏం చెప్పావన్నా?"

"ఆ బొమ్మ గీసినాయనే అన్న."

"ఏమంది?"

"అయితే రోజూ సూసి, గీసి పంపుమను అన్నది."

ఫొటో పంపితే సరిపోతుంది కదా అన్నాను.

"ఫోన్ల ఏసీ సూపెట్టిన, నమ్మింది. బొమ్మల దొరికిన. గందుకే ఆమెకు బొమ్మ గావాలె."

ఇప్పుడు బల్లవెనక కూర్చుని అడగడంలేదు. లేచి వెళ్ళి రెండు తాళ్ళనూ చేత్తో పట్టి చూస్తాను. తర్వాత కాగితం మీద ఒక చిన్న గడి, అందులో రెండు గీతలు, రెండు కొక్కేలు. ఆయన దాన్ని ఫోనుతో తీసి పంపుతాడు. ఆమె ఏమీ అనదు. రెండు నీలం టిక్కులు పడితే ఆయన లిఫ్టు వైపు నడుస్తాడు. నూరు రోజులు ఎప్పుడో దాటిపోయాయి. బొమ్మ మెరుగవుతోందా అంటే, రెండు గీతల్లో మెరుగవడానికి ఎక్కువ చోటుండదు.

ఆయన ఇప్పుడు ఇంటికి టవరు కింది నీడలో, హెల్మెట్ పెట్టుకునే మాట్లాడతాడు. "లోపలికి రా అన్నా, ఏసీ ఉంది" అని రెండుసార్లు పిలిచాను. "ఇక ఏసీతోని పనేమున్నది తమ్మీ?" అని నవ్వాడు. కోపమేమీ లేదు. ఉంటే బాగుండుననిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి నా కుర్చీ నా ఎత్తులోనే ఉంటుంది. ఒక్కోసారి మీట నొక్కి కిందికి దించి చూస్తాను. అక్కణ్ణుంచి బల్లకింద ఆయన హెల్మెట్ దాచే చోటు ఖాళీగా కనిపిస్తుంది.