పదకొండో మేకు

మా టెన్నిస్ కోర్టు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దాని గోడకు పొడుగాటి చెక్క, ఆ చెక్కకు పైనుంచి కిందికి పదకొండు మేకులు, ఒక్కో మేకుకు పేరు రాసిన ఒక్కో రేకుముక్క. దీన్ని మేము నిచ్చెన అంటాం. రెండేళ్ళపాటు నా పేరు పదకొండో మేకుకు వేలాడింది. దాని కింద గోడ, గోడకు ఆనించి చీపురు ఉండేవి.

నిచ్చెన ఆట చాలా సులువు. మనకు పైనున్న ఇద్దరిలో ఎవరినైనా సవాలు చేయవచ్చు. సవాలు అందుకున్న మనిషి పది రోజుల్లోగా ఒక సెట్టు ఆడాలి. కిందివాడు గెలిస్తే ఇద్దరూ మేకులు మార్చుకుంటారు. ఓడితే పదిహేను రోజులు నోరు మూసుకుని ఉండి మళ్ళీ అడగాలి. పైవాడు ఆడకుండా పది రోజులు దాటేస్తే మేకు ఊరికే పోతుంది. ఈ నియమాలన్నీ రాసింది మా సెక్రటరీ. ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి కాబట్టి ‘తెలియజేయడమైనది’, ‘పరిగణించవలెను’ అంటూ రెండు పేజీలు టైపు చేయించి షెడ్డులో అతికించాడు.

ఇవి కాక ఆఖరి మేకువాడికి ఒక డ్యూటీ ఉంది. అందరికంటే ముందు, తెల్లవారి అయిదున్నరకే వచ్చి మట్టికోర్టు మీద నీళ్ళు చల్లాలి, సున్నంతో గీతలు వేయాలి. రెండేళ్ళు ఆ పని నేనే చేశాను. మా ఆవిడ ఊరుకుంటుందా?

“ఊరోళ్ళ కోర్టుకు నీళ్ళు సల్లేదానికి రోజూ పోతారే, మనింటి వాకిట్లో ఒక్క దినమన్నా సల్లినారా?” అనేది.

తొమ్మిదో మేకు ఒక బ్యాంకు క్యాషియరుది. అతని సర్వీసు నాకు కనిపించేది కాదు, వినిపించేది. కాబట్టి నేను సవాలు చేయదగ్గవాడు పదో మేకు ఆసామి ఒక్కడే. ఆయనకు డెబ్బై ఒకటి. నేను చిత్తూరులో హైస్కూలు చదివేటప్పుడు మాకు డ్రిల్లు సారు. ఎనిమిదో తరగతిలో నేను కబడ్డీ కూతకు వెళ్ళి అవతలి గీత దగ్గర కాలు జారి పడినప్పుడు ఆయన నన్ను నిదానంగా లేపి, “నువ్వు ఆటకు పనికిరావురా, పోయి స్కోరు రాసుకోపో” అన్నాడు. మూడేళ్ళు స్కోరు రాశాను. ఇప్పుడు నాకు యాభై రెండు, జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను, పిల్లలు నన్ను చూసి లేచి నిలబడతారు. అయినా ఆ మాట చేసిన గాయం మానలేదు. నాకు పై మేకులేవీ అక్కర్లేదు. ఒక్కసారి ఆయన పైన వేలాడాలి, అంతే.

సవాలు చేశాను. నా మీద గెలిచాడు. పదిహేను రోజులాగి మళ్ళీ చేశాను. ఈసారి కూడా గెలిచాడుగానీ ఏడు-అయిదుతో, అదీ ఆయాసపడుతూ. మూడోసారి అడిగేసరికి సారు గొంతులో ఏదో తేడా వచ్చింది.

“ఈ వారం కుదర్దురా. ఇంటికి సుట్టాలొచ్చుండారు. సూళ్లూరుపేట నుంచి ఎనిమిది మంది. దర్శనం చేయించాల.”

మా నియమాల్లో వాన, జబ్బుతోపాటు చుట్టాలకు కూడా మినహాయింపు ఉంది. తిరుపతిలో కాపురం ఉన్నవాడికి చుట్టాలు చెప్పి రారు, పొమ్మంటే పోరు. వాళ్ళు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ పది రోజుల లెక్క ఆగిపోతుంది. సరేనని ఊరుకున్నాను. సూళ్లూరుపేటవాళ్ళు పోయాక గూడూరువాళ్ళు వచ్చారట. వాళ్ళ వెనకాలే వియ్యపురాలి తమ్ముడి కుటుంబం. ఆరు నెలలు ఇదే వరస. సారుకు అంత బలగం ఉన్నట్టు బడిలో ఎన్నడూ వినలేదు.

సెక్రటరీకి ఫిర్యాదు చేశాను. ఆయన రెండు రోజులు ఆలోచించి కొత్త నియమం అతికించాడు: చుట్టాలు వచ్చినట్లు రుజువుగా వారు తెచ్చిన లడ్డును కోర్టు వద్ద చూపవలెను.

తిరుపతిలో లడ్డును రుజువుగా అడిగే బుద్ధి తిరుపతివాడికే పుడుతుంది. ఇక్కడ ఎవరి చుట్టాలు కొండెక్కి దిగినా లడ్డు వీధి మొత్తానికీ పంచుతారు. మరుసటి వారమే సారు స్టీలు డబ్బాలో లడ్డు తెచ్చి సెక్రటరీ చేతిలో పెట్టాడు. రుజువును పరిశీలించడానికి అందరం తలా కాస్త తిన్నాం. పై మేకులవాళ్ళకు దారి దొరికింది. ఓడిపోతామని భయమున్న ప్రతివాడికీ చుట్టాలు రావడం మొదలైంది. మ్యాచ్‌లన్నీ తిరుపతి క్షవరమై ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రెండు నెలల్లో ఒక్క రేకూ కదల్లేదు. మేము మాత్రం తలా రెండు కిలోలు పెరిగాం.

ఇక లాభం లేదని ఒక ఆదివారం పొద్దున తిరుచానూరు రోడ్డులో సారు ఇంటికి వెళ్ళాను. చుట్టాలకని చేతిలో ఒక డజను అరటిపళ్ళు. సారు భార్య తలుపు తీసింది.

“సుట్టాలా? మా ఇంటికి సుట్టాలొచ్చి ఏడాదయింది నాయినా. ఎవురు సెప్పినారు నీకు?”

పెరట్లోంచి టప్, టప్ అని చప్పుడు. వెళ్ళి చూస్తే సారు బనియనుతో, చెమటలు కారుతుండగా, గోడకేసి బంతి కొడుతున్నాడు. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా బ్యాటు వెనక దాచుకున్నాడు.

“ఎనిమిది నెల్లుగా ఇదే పని. గోడకుండే సున్నమంతా రాలిపోయె. పిల్చకపో నాయినా ఈయన్ని, నీకు పుణ్యముంటాది,” అంది ఆమె.

ఆమె లోపలికి వెళ్ళాక సారు మెట్టు మీద కూర్చున్నాడు.

“ఓడిపోయేదానికి భయం కాదురా,” అన్నాడు. “ముప్పై ఏండ్లు పిల్లోళ్ళను వరసలో నిలబెట్టినోణ్ణి. నన్ను ఆఖర్న నిలబెడితే ఎట్లుంటాదో సూడలేదు.”

నాకు జాలి వేసింది. అబద్ధమెందుకు, వదిలేద్దామని కూడా అనిపించింది. అంతలో స్కోరు పుస్తకం గుర్తొచ్చింది. “రేపు ఆరు గంటలకు సార్,” అన్నాను.

సోమవారం ఆడాం. గోడతో ఆడీ ఆడీ ఆయన చెయ్యి బాగా తిరిగింది, నాది లడ్డు ఒళ్ళు. అయినా ఎలాగో అయిదు-నాలుగు చేశాను. ఇంకొక్క పాయింటు కావాలి. కళ్ళు మూసుకున్నంత పని చేసి కొడితే బంతి ఆయన వెనక గీత దగ్గర పడింది. “అవుట్!” అని సారు అరిచాడు. ఆయన వెళ్ళి బంతి తీశాడు, తిప్పి చూశాడు. పొద్దున నేను వేసిన సున్నం దానికి అంటుకుని ఉంది. దూరాన ఉన్న నాకు అప్పుడది కనబడలేదు, తర్వాత చూశాను. చొక్కాకు తుడిచేసుకున్నా ఎవరికీ తెలియదు.

“లోపలే పడిందిరా. గెలిచినావు పో,” అన్నాడు.

ఎనిమిది నెలలు లేని చుట్టాలను తెచ్చిన మనిషి, సున్నం చూశాక ఒక్క క్షణం ఆలోచించలేదు. రేకు మార్చడంలో నేనూ ఆలస్యం చేయలేదు. పదో మేకు నుంచి మా షెడ్డు ఎంత అందంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

మర్నాడు హాయిగా ఆరింటికి వెళ్ళాను. సారు మెడలో పాత విజిల్ వేసుకుని కోర్టు మధ్యలో నిలబడి ఉన్నాడు. నేలంతా సమంగా తడిసి ఉంది. గీతలు దారం పట్టి గీసినట్టు ఉన్నాయి. రెండేళ్ళుగా నా గీతలు వంకరని ఆరోజే అందరికీ తెలిసింది. “సూసినారా, పని అంటే ఇది,” అని సెక్రటరీ అన్నాడు. సారు ముఖంలో ఆఖరివాణ్ణన్న చింత ఎక్కడా లేదు. విజిల్ ఊది అందరినీ కోర్టు చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తించాడు.

నిచ్చెనలో ఆఖరి మేకు గొప్పతనం అప్పుడు అర్థమైంది. అక్కడున్నవాణ్ణి ఎవరూ సవాలు చేయలేరు. పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, పొద్దస్తమానం పైవాడి వీపు చూస్తూ ఉండవచ్చు. ఆ వీపు ఇప్పుడు నాది. సారు ఒక్కోరోజు ఒక్కో వేలు ముడిచి నాకు చూపించేవాడు. సరిగ్గా పదహారోనాడు విజిల్ ఊది, “ఏమిరా, ఎప్పుడాడదాం?” అన్నాడు.

చూస్తాను సార్ అని ఇంటికొచ్చి గూడూరులో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేశాను.

“అత్తా, కొండకొచ్చి శానా నాళ్ళయింది గదా. ఎప్పుడొస్తారు?”

“పోయిన నెల్లోనే గదరా వచ్చి పోయినాము?”

“మళ్ళీ రాండి. మామను, పిల్లోళ్ళను అందర్నీ పిల్చకరాండి. ఒక నెలన్నా ఉండేట్టు రాండి.”

పోయినసారి అత్త రెండోరోజు కూడా ఉంటానంటే నా ముఖం ఎలా మారిందో ఆమెకు గుర్తుండే ఉంటుంది.

“ఏమిరా అబ్బోడా, ఎవురన్నా నిన్ను తరుముకుంటా ఉండారా?” అంది.

“అవునత్తా,” అన్నాను. “మా డ్రిల్లు సారు.”