నూలు మేస్త్రీ, నలభై కిటికీలు

మా తాతకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, ఆ పేరుతో పిలిచినవాళ్లెవరూ నాకు తెలీదు. తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానాలో అందరూ ఆయన్ని నూలు మేస్త్రీ అనేవారు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. కిటికీ చట్రంలో ఒక్క నూలు తేడా వచ్చినా విప్పించి మళ్లీ చేయించేవాడు. ఇంట్లోనూ అంతే. గోడమీద పటం వంకరగా ఉంటే ఆయనకి అన్నం సహించేది కాదు. అమ్మమ్మ కావాలనే పటాన్ని కాస్త పక్కకి జరిపి, "ఇవాళ కూర తక్కువుంది, ఈయన సగమే తింటాడులే" అనేదట.

ఇంత కొలతల మనిషికీ భిన్నాలంటే భయం. మూడో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అని అడిగితే చెప్పలేక బడిలో దెబ్బలు తిని, అక్కడితో పలక పారేశాడు. నేనూ ఏడో తరగతిలో సరిగ్గా అక్కడే ఆగిపోయాను కనుక ఆయన చదువుకి అసలైన వారసురాలిని నేనే. తర్వాత అంగుళాలూ నూళ్లూ చేత్తో నేర్చుకున్నాడు. మూడంగుళాల ఐదు నూళ్లని సగం చెయ్యాల్సివస్తే మాత్రం చెక్కముక్క మీద గీతలు గీసి, ఎవరూ చూడకుండా లెక్కపెట్టుకుని, ఆ గీతల్ని చిత్రిక పట్టి చెరిపేసేవాడు.

అందుకే, అడుగులూ అంగుళాలూ తీసేసి మీటర్లు పెడదామా అని ప్రభుత్వం ఆలోచనలో పడినప్పుడు అందరికన్నా ముందు సంతోషించింది ఆయనే. ఏడాదిపాటు కొత్త కొలతలతో పని చేసి చూడండి, ఇబ్బందులుంటే రాసి పంపండి అని ప్రతి కార్ఖానాకీ కాగితం వచ్చింది. యజమాని పనివాళ్లందరినీ పిలిచి, వద్దనేవాళ్లు చెయ్యెత్తమన్నాడు. పదమూడు చేతులు లేచాయి. తాత చెయ్యి ఒక్కటే ఒళ్లో ఉండిపోయింది.

రంపం మిషను దగ్గర పనిచేసే కోతాయన తాతకి ముప్ఫై ఏళ్ల స్నేహితుడు. వెక్కిరింపు ముందుగా అందుకున్నదీ ఆయనే.

"నూలు పోతే నిన్నేమని పిలవాలి మేస్త్రీ? మిల్లీమేస్త్రీ అనాలా?"

"ఎలాగైనా పిలుచుకో. పదుల లెక్క వేళ్లున్న ప్రతివాడికీ వస్తుంది."

కోతాయన తన చేతులు పైకెత్తి చూపించాడు. రెండు వేళ్లు ఎప్పుడో మిషను తినేసింది. "నాకు ఎనిమిదే ఉన్నాయి. అంగుళానికి ఎనిమిది నూళ్లు. నాకదే సరిపోయింది" అన్నాడు. కార్ఖానా అంతా పగలబడి నవ్విందట.

అయినా తాత ఊరుకోలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి, అంగుళమంటే రెండున్నర సెంటీమీటర్లు అని చిన్నపిల్లల చేత చెప్పించినట్టు చెప్పించేవాడు. నిద్రలో కూడా రెండున్నర, రెండున్నర అని గొణిగేవాడని అమ్మమ్మ ఫిర్యాదు.

కొత్త కొలతల్లో మొదటి పెద్ద పని ఒక ఆసుపత్రికి నలభై కిటికీలు. గోడలు అప్పటికే లేచాయి. ఖాళీలు కొలవడానికి తాతే వెళ్లాడు.

పాత చెక్కబద్దల కొసలు వాడివాడి అరిగిపోతాయి. అందుకని తాత కాలం మేస్త్రీలెవరూ కొసని నమ్మేవారు కాదు. ఒకటి అంకెని అంచుకి ఆనించి కొలిచి, వచ్చినదాంట్లో ఒక అంగుళం తీసేసేవారు. కొత్త ఇనప టేపు కొసకి ఉన్న కొక్కెం వదులుగా కదులుతోంది. తాతకది నచ్చలేదు. దాన్ని వదిలేసి, అలవాటు ప్రకారం ఒకటి దగ్గర్నుంచి కొలిచాడు. అలవాటు ప్రకారమే అంగుళం తీసేశాడు. అంగుళమంటే రెండున్నర. కొత్త టేపు మీద ఒకటంటే సెంటీమీటరు, తీయాల్సింది అంతే. నలభై కిటికీలు, పొడవూ వెడల్పూ రెండూ, ఒకటిన్నర సెంటీమీటర్లు తక్కువొచ్చాయి.

చట్రాలు బిగించబోయిన రోజు గోడకీ చెక్కకీ మధ్య వెలుగు కనిపించింది.

యజమాని అరవలేదు. అరిచినా బాగుండేది అనేవాడు తాత. గదిలోకి పిలిచి, ముందే రాయించి పెట్టిన కాగితం ముందుకు తోశాడు. ముప్ఫై ఏళ్ల అనుభవమున్న మేస్త్రీ కూడా కొత్త కొలతల వల్లే పొరబడ్డాడు, కాబట్టి పాతవే ఉంచండి అని అందులో ఉంది. సంతకం పెడితే తాత బల్ల తాతకే ఉంటుంది.

తాత రెండుసార్లు చదివాడు. "తప్పు కొలతది కాదండీ, చేతిది" అన్నాడు.

"ఎవరి చేతిది?"

"నాదే."

"అయితే ఆ చేతికి కొలిచే పని ఇవ్వలేను మేస్త్రీ."

బయట కోతాయన తాత చొక్కా పట్టుకున్నాడు. "పెట్టరా సంతకం. ఆ మీటరేమన్నా నీ మేనల్లుడా?"

తాత పెట్టలేదు. మర్నాటి నుంచి ఆయన్ని సాండ్‌పేపరు బల్ల దగ్గరికి మార్చారు. అది కొత్తగా చేరినవాళ్లకిచ్చే పని.

కిటికీల సందులు పూడ్చడానికి చెక్కపట్టీలు కావాలన్నారు. కోతాయన తన మిషను మీద, తనకొచ్చిన కొలతలో, ఐదు నూళ్ల మందాన ఎనభై పట్టీలు కోశాడు. సందుల్లో పెట్టి చూస్తే ఒక్కటీ దూరలేదు. వాటిని మోసుకొచ్చి తాత బల్ల పక్కన దించాడు. ఎంత ఎక్కువో చెప్పడానికి ఆయన కొలతల్లో అంత చిన్న మాట లేదు.

"మేస్త్రీ, ఒక మిల్లీమీటరు ఎక్కువొచ్చాయి" అన్నాడు చివరికి.

తాత నవ్వలేదు. సాండ్‌పేపరు అందుకుని ఎనభై పట్టీలూ అరగదీశాడు. తొమ్మిది రోజులు పట్టింది.

తాత సంతకం లేకుండానే ఆ కాగితం వెళ్లింది. పదమూడు సంతకాలున్నాయి, కోతాయనదీ ఉంది. తాత తప్పు అందులో పూసగుచ్చినట్టు రాసి ఉందట. ఏడాది తిరిగాక, ఎవరికి అనువైన కొలత వాళ్లు వాడుకోవచ్చని ప్రభుత్వం చేతులు దులుపుకుంది. ఇప్పటికీ మా ఊళ్లో చెక్క అంగుళాల్లో వస్తుంది, అద్దం మిల్లీమీటర్లలో వస్తుంది. ఏ కిటికీకి ఏ అద్దమూ ఒక్కసారికి పట్టదు.

తాత పని మానేదాకా, అంటే ఆరేళ్లు, ఆ సాండ్‌పేపరు బల్ల దగ్గరే ఉన్నాడు. చివరికి వేళ్ల కొసలు ఎంత నునుపుదేరాయంటే, నా జడ అల్లబోతే పాయలు జారిపోయేవి. ఒకసారి ఏడిపిద్దామని, సంతకం పెట్టుంటే ఏమయ్యేది తాతా అని అడిగాను.

"ఏమీ అయ్యేది కాదే. పెట్టకపోతే మాత్రం ఏమైంది?" అన్నాడు.

జారిపోయిన పాయని వెనక్కి చెయ్యి చాచి ఆయన వేళ్లకి అందించాను.