లాల్‌ఖదాన్‌లో కాలువ ఎటు వాలుతుంది?

విజయనగరంలో మా కాలనీకి మురుగు కాలువ మంజూరైంది. పని వచ్చే నెలలో మొదలవుతుందట. దాన్ని ఎవరు గీశారో, ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు దగ్గరుండి చూస్తారో కాలనీ సంఘంలో ఒక్కరికీ తెలియదు. కార్యదర్శిగా కాగితాల మీద సంతకాలు పెట్టే నాకూ తెలియదు. ఫోనులో ఆ మాట అంటే బిలాస్‌పూర్‌లో ఉన్న మా మేనమామ సింహాచలం నవ్వాడు. "మా ఈదిలోనూ అదే పని నడుస్తంది. ఒచ్చి సూడు. కాగితం కాడి నుంచి గొయ్యి దాకా అన్నీ సూపిస్తాను" అన్నాడు. ఆయన రైల్వేలో గ్యాంగ్ మేట్‌గా ముప్పయ్యేళ్లు పట్టాల బాగోగులు చూసి, రిటైరయ్యాక లాల్‌ఖదాన్‌లో ఇల్లు కట్టుకున్నాడు.

విశాఖ నుంచి కోర్బా వెళ్లే బండి ఎక్కితే రాయగడ, టిట్లాగఢ్, రాయ్‌పూర్ మీదుగా మరునాడు పొద్దునకి బిలాస్‌పూర్‌లో దిగవచ్చు. నా బండి నలభై నిమిషాలు ఆలస్యమై పదింటికి చేరింది. స్టేషన్ బయట ఆటో అతను లాల్‌ఖదాన్‌కి నూట ఇరవై అడిగి వందకి ఒప్పుకున్నాడు. ఎవరింటికని హిందీలో అడిగాడు. చెప్పగానే వెనక్కి తిరిగి, "నాలీ వాలే చాచా?" అని నవ్వాడు. కాలువ బాబాయి అని పేరు పడిపోయిందన్నమాట.

ఇంటి ముందు వీధి సగం తవ్వి ఉంది. గుంట మావయ్య ఇంటికి రెండిళ్ల ఇవతల ఆగింది. ఆయన ఇంటి ముందు మాత్రం నున్నటి సిమెంటు అరుగు, దాని మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. మా అత్త రమణమ్మ లేచి వచ్చింది. "అచ్ఛా, ఒచ్చేసినావా? బండి లేటా ఏటి? ముందు ఉప్మా తిను, తరవాత మీ మావయ్య నిన్నొగ్గడు" అంది.

ఆమె అన్నట్టే అయింది. చెయ్యి కడుక్కోకముందే మావయ్య అవతలి పక్క కనిపించే సన్నటి గొట్టం తెచ్చి నీళ్లు నింపాడు. ఒక కొస నన్ను పట్టుకోమని కాలువ మొదట్లో నిలబెట్టి, రెండో కొస పట్టుకుని వీధి మధ్యకి నడిచాడు. రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది కాబట్టి, అక్కడి నుంచి గుంట అడుగు వరకు కర్రతో కొలిస్తే ఎటు పల్లమో తెలిసిపోతుంది. "ఈ రోడ్డు మీద ఈమధ్య ఇంకో పొర ఏసినారు. నడాన ఉబ్బిపోనాది. మేస్త్రి రోడ్డు మీంచి మూడడుగులు కొలుసుకుంటా తవ్వుకుపోతన్నాడు. రోడ్డు ఉబ్బితే అడుగూ ఉబ్బదా? నాలుగంగుళాలు ఎత్తున్నాది. మొదట్లో ఉన్న మూడిళ్ల నీళ్లు ఎనక్కే తంతాయి. రేపు పొద్దున కాంక్రీటు ఏసేస్తే మరింకేటీ సెయ్యనేము" అన్నాడు.

పదకొండున్నరకి షేర్ ఆటోలో, మనిషికి ఇరవై ఇచ్చి, ఊళ్లోకి వెళ్లాం. సదర్ బజార్ దగ్గర దిగి పది నిమిషాలు నడిస్తే ఈ పని చూసే సబ్ ఇంజినీర్ కూర్చునే గది వచ్చింది. సాహు మేడం అంటారు. ముప్పయ్యేళ్లుంటాయేమో. మాటలన్నీ హిందీలోనే. నేను ఎందుకొచ్చానో చెబితే ఆశ్చర్యపోయి, ఫైలు తీసి మొదటి కాగితం నుంచి తిప్పింది. వీధివాళ్ల అర్జీ, ఆమె వేసిన అంచనా, ఆ లెక్కలు సరైనవని పై ఇంజినీరు ఇచ్చిన మంజూరు, డబ్బు కేటాయిస్తూ వచ్చిన మరో మంజూరు, ఆ తర్వాత టెండరు, పని మొదలు పెట్టమన్న ఆదేశం. పని జరిగినంత మేరా కొలిచి రాసుకునే పుస్తకం వేరే ఉంది. అందులో సంతకం ఆమెదే. ఇన్నేళ్లుగా వింటున్న 'మంజూరైంది' అనే ఒక్క మాటలో ఇన్ని మెట్లున్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

మావయ్య గొట్టంతో కొలిచిన సంగతి చెప్పాడు. ఆమె ముఖం కాస్త బిగుసుకుంది. "మధ్యలో లోతు పెంచితే ఖర్చు మంజూరు దాటుతుంది. అప్పుడు ఫైలు మళ్లీ పైకి వెళ్లాలి. ఈలోగా వానలొచ్చేస్తాయి" అంది. ఫైల్లోంచి కాలువ పటం తీసి ఒకచోట వేలు పెట్టింది. "చాచాజీ, ఇక్కడ కాలువ ఎందుకు వంగిందో తెలుసా?"

మావయ్య కళ్లజోడు సర్దుకుని పటం మీదికి వంగాడు.

"మీ అరుగు మూడడుగులు రోడ్డు స్థలంలోకి వచ్చింది. గొడవెందుకని చుట్టి తిప్పాం. తిన్నగా వెళితే పొడవు తగ్గుతుంది, మిగిలిన ఖర్చు ఈ తవ్వకానికి సరిపోతుంది. పైకి పంపక్కర్లేదు, మా ఇంజినీరు సంతకం చాలు." నాలుగింటికి వచ్చి కొలుస్తానంది.

తిరుగు ఆటోలో మావయ్య తన అరుగు గురించే మాట్లాడాడు. "అది నా సేత్తో కట్టినాను. ఒక్క కూలోణ్ణి ఎట్టనేదు" అన్నాడు. ఊరుకుంటే ఎవరూ ఆయన్ని తప్పు పట్టరు. కాలువ ఎలాగూ కడతారు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది, అననందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది.

అత్తకి విషయం నేనే చెప్పాను. ఆమె చీపురు పక్కన పెట్టి, "ఆ మూడిళ్ల గుమ్మాల్లో మురుగు నిలబడితే, మీ అరుగు మీద కూకుని అదే సూడమంటారేటి?" అంది ఆయనతో. మావయ్య లోపలికి వెళ్లిపోయాడు.

నాలుగున్నరకి సాహు మేడం మట్టం కొలిచే పరికరంతో వచ్చింది. ఉబ్బు నిజమే. కానీ నాలుగంగుళాలు కాదు, రెండున్నర. "గొట్టం కదిలుంటాది" అన్నాడు మావయ్య, ఆమె నవ్వింది. అయినా నీరు వెనక్కి తన్నడానికి అది చాలట. పని దగ్గరే ఉంచే ఆదేశాల పుస్తకంలో, ఇంజినీరు సంతకం వచ్చేదాకా కాంక్రీటు ఆపమని రాసి కాంట్రాక్టరు మనిషి చేత సంతకం పెట్టించింది. తర్వాత అరుగు వైపు చూసింది. మావయ్య పెరట్లోంచి గునపం తెచ్చాడు. మొదటి దెబ్బ గట్టిగా పడలేదు. రెండోది పడింది. ఆడవాళ్లు అప్పటికే చిక్కుడుకాయల బుట్ట ఎదురింటి గడపలోకి మార్చేశారు.

మరునాడు మధ్యాహ్నానికి సంతకం వచ్చింది. నేను ఊరు చేరిన నాలుగు రోజులకి మావయ్య ఫోన్ చేసి, కాంక్రీటు ఆరాక మొదటింటి ముందు బిందెడు నీళ్లు పోస్తే ఆగకుండా వీధి చివరున్న పెద్ద నాలాలోకి పోయాయన్నాడు.

ప్రభుత్వ పని అంటే ఎక్కడో పైన నిర్ణయమై మన వీధిలోకి దిగేదని అనుకునేదాన్ని. లాల్‌ఖదాన్‌లో చూసింది వేరు. పటం మీది ఒక్కో వంపు వెనకా ఎవరో ఒకరి మొహమాటం ఉంటుంది. దాన్ని సరిచేయాలంటే ప్రశ్న అడగడం ఒక్కటే చాలదు, ఒక్కోసారి ఆ జవాబు మన గుమ్మం దాకా వస్తుంది. అందుకు సిద్ధపడి అడిగిన మనిషి మాట ఆఫీసులో కూడా వేరుగా వినిపిస్తుందని సాహు మేడం ముఖంలో చూశాను.

మీరూ మీ ఊళ్లోనో బంధువుల ఊళ్లోనో ఇలాంటి పని చూడాలనుకుంటే ఒక్కటే గుర్తుంచుకోండి: కాంక్రీటు వేసే రోజు కాదు, దానికి ముందు రోజు వెళ్లండి.