పది గంటల హాజరు

మొన్న బంగారుపేట స్టేషన్లో టీ తాగుతుంటే గ్లాసు అంచు మీద తేనెటీగ వాలింది. పక్కాయన తువ్వాలుతో కొట్టబోతే "ఉండనీయండి" అన్నాను. అన్నాక నా మీద నాకే చిరాకేసింది. తేనెటీగలంటే నాకంత ప్రేమేమీ లేదు. నా చదువులో ఒక ఏడాదిని మింగేసినవి అవే. కాదులెండి, మింగింది మా నాయన.

అప్పటికి మా కేజీఎఫ్ బంగారు గని మూతపడి కొన్నేళ్లయింది. నేను బెంగళూరులో ఒక యూనివర్సిటీలో, తేనెటీగలు ఎలా నేర్చుకుంటాయో, ఎలా మరిచిపోతాయో చూసే బృందంలో ఉండేదాన్ని. అక్కడ ఎటు చూసినా పూలే, మా చక్కెరనీళ్ల వైపు ఒక్క తేనెటీగా చూసేది కాదు. బంగారం తీసేశాక పారబోసిన సైనైడ్ మట్టిదిబ్బల పక్కన, ఎండాకాలంలో పువ్వన్నది కనబడని మా కేజీఎఫ్ ఇల్లే మేలని మా గైడు మేడంను ఒప్పించి, పెరట్లో తేనెపెట్టె పెట్టించాను. తేనెటీగల వీపుల మీద రంగుచుక్కలు పెట్టి, రోజూ సరిగ్గా పది గంటలకు నీలం పళ్లెంలో చక్కెరనీళ్లు పోశాం. నాలుగు రోజుల్లో అవి గడియారం చూసుకున్నట్టు రావడం నేర్చుకున్నాయి. అసలు పరీక్ష ఆ తర్వాత: పళ్లెం ఖాళీగా పెట్టి, ఎన్నాళ్లకు ఆశ వదులుకుంటాయో లెక్కపెట్టాలి. నా థీసిస్ అంతా ఆ లెక్క మీదే. నేను బెంగళూరు వెళ్లక తప్పక ఆ పని నాయనకు అప్పగించాను. గని టైమాఫీసులో జీవితమంతా హాజరు వేసిన గుమాస్తా, అంతకంటే నమ్మకస్తుడు ఎక్కడ దొరుకుతాడు!

పది రోజులు దాటినా వచ్చే తేనెటీగలు తగ్గలేదు. ఇంతటి జ్ఞాపకశక్తి ఎక్కడా చూడలేదని మేడం సంబరపడిపోయారు. ఆ సంబరంలో చెప్పకుండా ఇంటికి వచ్చిన నాకు, చెంబుతో పళ్లెం నింపుతున్న నాయన కనబడ్డాడు.

"ఏం చేస్తుండావు నాయనా!" అని అరిచాను.

"టయానికి వచ్చినాయి గదమ్మా. వట్టిగా ఎట్ల పంపేది? గని మూసిన పొద్దు, షిఫ్టుకి వచ్చినోళ్లందర్నీ గేటుకాడ నుంచి నేనే వాపసు పంపినాను. ఇంగొకసారి నా చేతగాదు."

ఆ మాట నాకప్పుడు చెవికెక్కలేదు. చెంబు లాక్కుని విసిరికొట్టాను. లెక్కలన్నీ చింపేశాం. ఇంతలో వానలు పడి పూలొచ్చాయి, మళ్లీ ఎండాకాలం దాకా ఆగాల్సి వచ్చింది. నాయనతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అంతకంటే కోపం నా మీద. గని మూతపడిన మర్నాటి నుంచి మంచం పట్టేదాకా, ఆయన రోజూ పొద్దున్నే టైమాఫీసు గేటు దాకా నడిచి, తాళం చూసి తిరిగొచ్చేవాడు. నేనది ఒక్కనాడూ రాసుకోలేదు. మతిమరుపు మీద పట్టా పుచ్చుకున్న నాకు, ఆ నడక ఎన్నేళ్లు సాగిందో ఇప్పుడు గుర్తులేదు.