రోడ్డవతల వినిపించిన గొంతు

దయ్యాలను నేను నమ్మను. ఈ అనుభవం తర్వాత కూడా నమ్మడం మొదలుపెట్టలేదు. ఒక దినపత్రికకు ముప్పయ్యేళ్లు వార్తలు రాశాను. భోపాలపట్నం నుంచి బాసగూడ దాకా ఎక్కడ దయ్యం కనిపించిందన్నా వెళ్లి చూశాను. చివరికి ఓ గుడ్లగూబో, గాలికి కొట్టుకునే రేకో, పొలం గట్టు తగాదానో బయటపడేది. ఈ ఒక్క సంగతిలో మాత్రం అలాంటిదేదీ దొరకలేదు. వెతకడంలో లోపం చేయలేదు.

మాది తెలుగు నేలకు సరిహద్దు అవతలి మద్దేడ్. మా ఆవిడ సుగుణ అక్కడి బడిలో టీచర్. పిల్లలకు హిందీలో పాఠం చెప్పి, వాళ్ల అమ్మలతో అక్కడి గిరిజనుల దోర్లీ భాషలో మాట్లాడి, ఇంటికొచ్చి నన్ను తెలుగులో కోప్పడేది. గట్టి గొంతు. బడి వరండాలో ఆమె హాజరు పిలిస్తే బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా పలుకుతారని ఆటపట్టించేవాణ్ని.

ఆ గొంతు ఓ వేసవిలో పోయింది. థైరాయిడ్ గడ్డకు వరంగల్‌లో ఆపరేషన్ అయింది. కొందరికి గొంతు నరం దెబ్బతింటుందని, మాట రావడానికి నెలలు పట్టొచ్చని, రాకపోవచ్చు కూడా అని డాక్టరు ముందే చెప్పారు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. చెప్పాల్సింది పలక మీద రాసి చూపించేది. నన్ను పిలవాలంటే చెంచాతో స్టీలు గ్లాసు మీద కొట్టేది.

మొదటి వారం ఆ చప్పుడుకు పరుగెత్తేవాణ్ని. మూడో వారానికి అలిసిపోయాను. నీళ్లకు, దిండుకు, కిటికీ రెక్కకు, ఒక్కోసారి ఊరికే, నేను ఇంట్లో ఉన్నానో లేదో తెలుసుకోడానికి. ఓ ఉదయం ఎన్నోసారో గ్లాసు మోగినప్పుడు నోరు జారాను.

"ఎన్నిసార్లు పిలుస్తావు సుగుణా? కాసేపు నన్ను పడుకోనివ్వవా?"

ఆమె పలక అందుకుని ఏదో రాయబోయి మానేసింది. చెంచాను మంచం పక్కనున్న స్టూలు మీద పెట్టేసింది. ఆ చిరాకులో నేను ఆమెకు ఆపరేషన్ తర్వాత రోజూ తప్పక వేయాలన్న క్యాల్షియం మాత్రలు ఇవ్వలేదు. అంతకుముందు రోజువి కూడా ఇవ్వలేదని తర్వాత అట్ట చూస్తే తెలిసింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆమె మంచం పక్కనే కుర్చీలో నిద్రపోయాను. చెయ్యి చాపితే తగిలేంత దూరం.

నన్ను లేపింది ముత్తక్క. రోడ్డుకు అవతల ఉంటుంది, దోర్ల మనిషి, సుగుణకు పదేళ్ల స్నేహితురాలు. ఇప్పపూలు ఆరబోస్తూ అలాగే వచ్చేసినట్టుంది, చేతులు జిగటగా ఉన్నాయి. నా భుజం పట్టుకుని ఊపేస్తోంది.

"ఏంది సారూ, మొద్దులెక్క పడుకున్నవ్! అక్కను జూడు!"

సుగుణ వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. మణికట్లు లోపలికి తిరిగాయి. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు వినిపిస్తోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. చెంచా దుప్పటి మీద పడి ఉంది. అందుకోబోయిందన్నమాట.

పక్క దుకాణం వాళ్ల బొలెరోలో బీజాపూర్ చేర్చాం. నరానికి క్యాల్షియం ఎక్కించాక వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఇంకో అరగంట అయ్యుంటే ఊపిరి ఆగిపోయేదని అక్కడి డాక్టరు అన్నారు.

ఆ సమయానికి ఎందుకొచ్చావని ఆసుపత్రి వరండాలో ముత్తక్కను అడిగాను.

"అక్క పిలిచింది గదా."

ఆమెకు గొంతు లేదు కదా అన్నాను.

"గది నాకెరుక లేదా? మల్ల వచ్చిందనుకున్న. సంబరపడి ఉరికొచ్చిన. 'ముత్తా, జల్ది రా' అన్నది, బడిల పిలిచినట్టే." నా మొహం చూడకుండా చెప్పింది. "'సారును లేపకు, పడుకోనీ' అని గూడ అన్నది. లేపకుంటే ఎట్ల? లేపిన."

ఉదయం నేనన్న మాట ముత్తక్కకు తెలిసే దారి లేదు. అప్పుడు ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

ఇంటికొచ్చాక నా పత్రిక బుద్ధి ఊరుకోలేదు. మంచం దగ్గర్నుంచి ముత్తక్క పూలు ఆరబోసే చోటికి నడిచి లెక్కపెట్టాను. తొంభై రెండు అడుగులు. మధ్యలో హైవే, లారీలు. ఆ రోజు ఆమె పక్కనే కూర్చుని ఉన్న కోడలు ఏమీ వినలేదంది. ముత్తక్కను మళ్లీ అక్కడే కూర్చోబెట్టి, నేను మంచం దగ్గర నిలబడి గొంతు చించుకుని అరిచాను. వెళ్లి చూస్తే పూలు తిరగేస్తూనే ఉంది. వినిపించిందా అంటే నవ్వింది.

"నువ్వు పిలిస్తే ఎవరొస్తరు సారూ?"

సుగుణను అడగడానికి వారం పట్టింది. "నేను పిలవలేదు" అని పలక మీద రాసింది. తడిబట్టతో తుడిచి మళ్లీ రాసింది. "మిమ్మల్ని లేపకూడదని మాత్రం అనుకున్నాను."

ఆరు నెలలకు మాట వచ్చింది. సన్నగా, బొంగురుగా, గుమ్మం దాటదు. ఆ గొంతుతో మొదటిసారి పేరు పెట్టి పిలిచినప్పుడు ముత్తక్క ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వెళ్తూ వెళ్తూ నాతో మెల్లగా అంది, "నేనిన్న గొంతు ఇది కాదు సారూ. పాతది."

ఆ పాత గొంతు ఆ మధ్యాహ్నం ఎక్కడిదో నాకు తెలియదు. రోడ్డు దాటి వెళ్లిన పిలుపు, పక్కనే ఉన్న నాకెందుకు వినిపించలేదో కూడా తెలియదు. మొదటిది ఎవర్ని అడగాలో తోచదు. రెండోది సుగుణను అడిగే ధైర్యం లేదు.